కూండే నాడేనా మట్టి గిన్నె?



మా ఇంట్లో రజబ్ 22న కూండే నియాజ్ చేస్తాం. ఇమామ్ జాఫర్ సాదిఖ్ పేరు మీద పూరీలు, ఖీర్ చేసి, కొత్త మట్టి కూండాల్లో పెట్టి ఫాతిహా ఇస్తాం. చుట్టాలనీ పక్కింటివాళ్ళనీ పిలిచి అక్కడే కూర్చోబెట్టి తినిపిస్తాం. ఇది చేయొచ్చా చేయకూడదా, బిద్అతా కాదా అనే బహస్ మన ఘరానాల్లో ఎన్నాళ్ళుగానో నడుస్తోంది. ఇవాళ నేను ఆ బహస్‌లోకి పోను. నా మాట కూండే గురించి కాదు, కూండా గురించి. ఆ ఖీర్ పోసిన మట్టి గిన్నె గురించి.

ఈసారి కూండాలు కొందామని మా నానీమా వాళ్ళ ఊరి వైపు పోయాను. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం రోడ్డు పట్టుకుంటే, గోదారి వంతెన రాకముందే ఒక పక్క టేకు, ఇప్ప చెట్లు, ఇంకో పక్క పత్తి చేలు కనిపిస్తాయి. ఆ అడివి అంచున ఉన్న ఊరు అది. నా చిన్నప్పుడు అక్కడ ఆరేడు కుమ్మరి ఇళ్ళుండేవి. ఇప్పుడు సారె తిరిగేది ఒక్క ఇంట్లోనే. ఆ ఇంటి పెద్దమ్మ నన్ను లంగా జాకెట్టు నాటి నుంచి ఎరుగును.

పెద్దమ్మ కూండాలు తీసి, ఒక్కొక్కదాన్నీ వేలి మెటికతో కొట్టి చూసింది. ఖంగుమని మోగినవి నాకిచ్చింది. మోత సరిగ్గా రానిదాన్ని పక్కన పెట్టింది. వాటికి వరిగడ్డి చుట్టి సంచిలో సర్దుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"మీ సాయిబులోళ్ళు ఏడాదికొక్కపారి వస్తరు. నాలుగు గిన్నెలు కొంటరు. మిగిలిన దినాలు దేంట్ల తింటరు బిడ్డా, అరచేతులనా?"

నవ్వాను. బస్సెక్కాక నవ్వు రాలేదు. మన చాంద్ లెక్కలో ఏడాదికి 354 రోజులు. అందులో ఒక్కరోజు మన దస్తర్ఖాన్ మీద మట్టి గిన్నె ఉంటుంది. మిగతా 353 రోజుల సంగతి?

ఇంటికొచ్చి అల్మారీ తెరిచి చూశాను. స్టీలు పళ్ళాలు, స్టీలు గిన్నెలు. మెలమైన్ ప్లేట్లు ఒక డజను. ప్లాస్టిక్ డబ్బాలు లెక్కలేనన్ని. పై అరలో నా జహేజ్‌లో వచ్చిన చీనీ మట్టి డిన్నర్ సెట్. దాన్ని అమ్మీ నా పెళ్ళికి ఎంత శౌఖ్‌గా కొన్నదో! ఇన్నేళ్ళలో అది కిందికి దిగింది నాలుగు సార్లు. మా కుమ్మరివాళ్ళ మట్టిది మాత్రం ఒక్కటీ లేదు. పోయిన ఏడాది కూండాలేమయ్యాయని వెతికితే డాబా మీద దొరికాయి. ఒకదాంట్లో కొత్తిమీర మొలిచి ఎండిపోయింది.

పెద్దమ్మ సవాల్ నన్నెందుకు అంత గుచ్చిందో చెప్పాలంటే మా నానా గురించి చెప్పాలి.

నానా కళాయివాలా. ఇత్తడి, రాగి గిన్నెలకి కళాయి పూసేవారు. నేలలో చిన్న గుంత తీసి బొగ్గులు వేసి, తోలు తిత్తితో గాలి కొట్టి నిప్పు రాజేసేవారు. గిన్నెని ఇసుకతో, చింతపండుతో తోమి, నిప్పు మీద తిప్పుతూ వేడెక్కించి, నౌసాదర్ చల్లేవారు. తెల్లటి పొగ గుప్పుమని లేచేది. అప్పుడు తగరం ముక్క రుద్ది, దూది ఉండతో ఒక్క చుట్టు చుట్టేసరికి గిన్నె లోపలంతా చందమామలా తెల్లగా మెరిసేది. ఇత్తడికి పులుపు తగిలితే చిలుము పడుతుంది. చింతపండు లేకుండా మనకి సాలన్ లేదు, పప్పు లేదు. అందుకే కళాయి లేకపోతే ఇత్తడి గిన్నెలో వంటే లేదు. ఆ జరూరత్ మీదే మా ఖాందాన్ బతికింది.

సైకిల్ మీద సామాను కట్టుకుని అశ్వాపురం, దుమ్ముగూడెం, చర్ల దాకా తిరిగేవారు. వారం పది రోజులు ఇంటికి వచ్చేవారు కాదు. ఆ ఊళ్ళో రాత్రయితే పెద్దమ్మ అత్తామామల ఇంటి అరుగు మీద పడుకునేవారు. కుమ్మరింట్లో బొగ్గులకి కరువుండదు కదా. నానీమా చెప్పేది. మొదట్లో వాళ్ళు నానాకి విడిగా ఒక ముంతలో నీళ్ళిచ్చేవారట. ఆ ముంతని తాగినాక కడిగి చూరులో పెట్టేవారట. నానా ఏమీ అనలేదు. నాలుగైదేళ్ళయ్యాక ఒక రోజు ఆ ముంత చూరులో కనిపించలేదు. ఏదని అడిగితే "ముంతలన్నిట్లో కలిసిపోయింది సాయిబూ, ఏది నీదో మాకే తెలుస్తలేదు" అన్నారట. ఈ మాట చెప్పినప్పుడల్లా నానీమా కళ్ళు తుడుచుకునేది.

భద్రాచలం అంటే అందరూ తానీషా సంగతి చెబుతారు. శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు పంపే రివాజు గోల్కొండ కుతుబ్‌షాహీల నాటి నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. మంచిదే. కానీ బాద్షాల ముత్యాల కింద, కుమ్మరింటి ముంత ఒకటి ముంతలన్నిట్లో కలిసిపోయిన కిస్సాలు ఎన్ని ఉన్నాయో ఎవరు రాశారు?

మట్టి గిన్నె మనుషుల్ని కలుపుతుందని తేలిగ్గా అనను. విడదీయడానికి కూడా దాన్నే వాడారు. ఆంగ్రేజీ జమానాలో రైల్వే స్టేషన్లలో 'హిందూ పానీ', 'ముస్లిం పానీ' అని వేరువేరు కుండలుండేవి. టీ కొట్లలో దళితులకి వేరే గ్లాసు పెట్టడం నిన్నమొన్నటి మాట. కొన్నిచోట్ల ఇవాళ్టి మాట కూడా. తాగి పారేసే మట్టి కప్పు రివాజు వెనక పరిశుభ్రత ఒక్కటే లేదు. ఒకరి ఎంగిలి ఇంకొకరికి తగలకూడదనే జాత్ లెక్క కూడా ఉంది. అందుకే నేనడిగేది పారేసే కప్పు కాదు. కడుక్కుని మళ్ళీ మళ్ళీ తినే గిన్నె. నలుగురు చుట్టూ కూర్చుని ఒకే తబక్‌లో చేయి పెట్టే గిన్నె. మన దస్తర్ఖాన్‌కి తెలిసిన గిన్నె.

నానా సంగతి పూర్తి చేయలేదు. స్టీలు వచ్చింది. స్టీలుకి కళాయి అక్కర్లేదు. అంతకు ముందే సత్తు గిన్నెలు వచ్చాయి. వాటికీ అక్కర్లేదు. ఒక్కో ఇల్లూ ఇత్తడి సామాను తూకానికి వేసి స్టీలు కొనుక్కుంది. నానా మీద కోపంతో ఎవరూ కొనలేదు. అందరూ "ఛాయ్ తాగిపో సాయిబూ" అని కూర్చోబెట్టారు. గిన్నె మాత్రం ఇవ్వలేదు. చివరికి తిత్తి అటక మీద పెట్టి, తోపుడు బండి మీద అరటిపళ్ళు అమ్మారు. ఇంటి గిన్నె మారితే ఎవరి పొయ్యి ఆరిపోతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. దూదేకుల భాయిలకీ తెలుసు, ఫోము పరుపులు వచ్చాక వాళ్ళ విల్లు ఎవరు మోగించారు? ఇంత తెలిసిన మనం, కుమ్మరి పెద్దమ్మ ఇంటి ఆము ఆరిపోతుంటే ఏడాదికోసారి నాలుగు కూండాలు కొని సవాబ్ వచ్చిందనుకుంటున్నాం.

స్టీలుకి నేను దుష్మన్ కాదు. స్టీలు వచ్చాక మా అమ్మీ నడుం నొప్పి తగ్గింది. పిల్లల టిఫిన్ డబ్బా మట్టితో చేయమని ఎవరూ అడగరు. పెరుగు, నీళ్ళు, సాలన్, మనం కూర్చుని తినే నాలుగు పళ్ళాలు, ఇవి మట్టివైతే నష్టమేమిటి? నా సవాల్ అంతే.

ఆ గిన్నె వెనక మెహనత్ ఎంతో చాలామందికి తెలియదు. అది తెలిస్తే బేరమాడే నాలుక కొంచెం ఆగుతుంది. చెరువు మట్టి తెచ్చి, ఎండబెట్టి, కొట్టి, రాళ్ళు ఏరి, నానబెట్టి, సన్న ఇసుక కలిపి కాళ్ళతో తొక్కుతారు. తొక్కుడు పెద్దమ్మది. సారె మీద కూర్చునేది పెద్దయ్య. చక్రం అంచున ఉన్న గుంతలో కర్ర పెట్టి గిరగిరా తిప్పి, ఆ ఊపు తగ్గేలోపు కుండ లేపుతాడు. సారె మీద కుండకి అడుగు పూర్తిగా రాదు. ఒక పూట ఆరినాక, లోపల గుండ్రాయి పట్టుకుని బయట చెక్కతో తట్టి తట్టి అడుగు మూస్తారు. గోడ పల్చబడుతుంది, గట్టిపడుతుంది. తర్వాత నీడన ఆరాలి. ఎండలో పెడితే పగుళ్ళు. ఆపైన ఎర్రటి జాజు పూత, నున్నటి రాయితో రుద్దుడు.

ఇక ఆము. కింద కట్టెలు, పిడకలు, వాటి మీద కుండలు బోర్లించి, సందుల్లో మళ్ళీ కట్టె, మీద వరిగడ్డి కప్పి మట్టితో మెత్తి, పొగ పోయేందుకు కంతలు వదులుతారు. మొదట పొగ మాత్రమే. లోపలి తడి అంతా పోయేదాకా మంట పెంచకూడదు. తొందరపడితే తడి ఆవిరై కుండ పేలుతుంది. రాత్రంతా కాలి, మర్నాడు చల్లారాక విప్పుతారు. ఇలాంటి ఆములో వేడి 700 నుంచి 900 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి మట్టి రాయిలా గట్టిపడి మళ్ళీ నీళ్ళలో కరగదు. కానీ సన్నటి రంధ్రాలు మిగిలి ఉంటాయి. కుండలో నీళ్ళు చల్లబడేది ఆ రంధ్రాల వల్లే. నీరు బయటికి చెమర్చి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది.

కాల్చకముందు మాత్రం అది మట్టే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి లేచినప్పుడు పెద్దమ్మ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. ఆముకి పెట్టడానికి సిద్ధంగా ఉన్న పచ్చి కుండలన్నీ అక్కడికక్కడే కరిగి మళ్ళీ బురదయ్యాయట. "రెండు నెలల కష్టం బిడ్డా, చేతులతోనే తీసి బయట పోసిన" అంది. 1986 వరద నాటికి ఆమె కొత్త కోడలు. అప్పుడూ అంతేనట. రెండుసార్లూ మళ్ళీ అదే మట్టి తొక్కి మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమెకి భయం వరద అంటే కాదు. కొనేవాళ్ళు లేకపోవడం.

మన బెహనోంకి ఉండే ఏతరాజులు నాకు తెలుసు. మా తోటికోడలు ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కబెట్టి చెప్పింది.

మొదటిది, పగులుతుంది. అవును, పగులుతుంది. మా తోటికోడలు సెల్‌ఫోను అద్దం ఏడాదిలో రెండుసార్లు పగిలింది. ఫోను వాడటం మానలేదు. నా లెక్కలో పగలడం మట్టి గిన్నె ఐబ్ కాదు. కుమ్మరింటికి మనల్ని మళ్ళీ తీసుకుపోయేది ఆ పగలడమే. ఒకసారి కొంటే ఇరవై ఏళ్ళు కదలని వస్తువు ఫ్యాక్టరీకి సరిపోతుంది. ఊళ్ళో చేతి పని బతకాలంటే ఏడాదికి రెండు పగలాలి, రెండు కొనాలి. పగిలిన పెంకు మట్టిలో మట్టి. మెలమైన్ ముక్క మన మనవల కాలానికీ అట్లాగే ఉంటుంది.

రెండోది, జిడ్డు పట్టి వాసనొస్తుంది. సబ్బు పెడితే వస్తుంది మరి. ఆ రంధ్రాల్లోకి సబ్బు పోతుంది, మర్నాడు సాలన్‌లోకి దిగుతుంది. కొత్త గిన్నెని ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టండి. గంజి పోసి సన్న సెగ మీద కాచి ఆ గంజి పారబోయండి. రంధ్రాలు కొంత పూడుకుంటాయి. రోజూ వేడినీళ్ళు, కొబ్బరి పీచు, కాస్త శనగపిండి చాలు. బోర్లించి ఎండలో పెట్టండి. తడిగా మూలన పెడితే బూజు పడుతుంది. చేపలకి వేరే చట్టి పెట్టుకోండి. పొయ్యి మీంచి దించిన చట్టిలో చన్నీళ్ళు పోయకండి. ఇది మన నానీమాలకి ఎవరూ నేర్పని విద్య. మనకి రాసి చెప్పాల్సి వస్తోంది.

మూడోది పెద్ద సవాల్. కట్టెలతో కాలిస్తే అడివి ఏం కావాలి? అడివి అంచున బతికేవాళ్ళం, దీనికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేం. పచ్చి చెట్టు నరికి కుండ కాల్చమని నేననను. పెద్దయ్యా అనడు. ఫారెస్టువాళ్ళు ఒప్పుకోరు కూడా. ఆయన ఆములో వేసేది తాటి మట్టలు, పిడకలు, వరిగడ్డి, జామాయిల్ తోటల్లో మిగిలిన సన్న కొమ్మలు. మన జిల్లాలో పత్తి, మిర్చి ఎంత వేస్తారో మీకు తెలుసు. పంట అయిపోయాక ఆ కట్టెని ఎక్కడికక్కడ చేలోనే తగలబెడతారు. ఊరకే పొగై పోయే ఆ కట్టెతోనే ఒక ఆము కాలుతుంది. మోసుకొచ్చే ఖర్చే అడ్డం. స్టీలు, మెలమైన్ నిప్పు లేకుండా తయారవుతున్నాయా? ఆ నిప్పు మన ఊళ్ళో కనపడదు, అంతే.

నాలుగోది, సెహత్. మట్టి కుండలో వండితే షుగర్ పోతుంది, బీపీ తగ్గుతుంది అని వాట్సాప్‌లో తిరిగే మాటలు నేను మీకు పంపను. గిన్నె దవా కాదు. అయితే ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. బజార్లో తళతళా మెరిసే రంగురంగుల మట్టి సామాను కనిపిస్తే, దాని పూతలో సీసం ఉందో లేదో చెప్పగలిగినవాళ్ళ దగ్గరే కొనండి. సీసం కలిసిన పూత చింతపండు, నిమ్మకాయ పులుపుకి కూరలోకి దిగుతుంది. పిల్లలకి మరీ హాని. మన ఊరి ఎర్ర గిన్నెకి ఆ పూతే లేదు. మెరుపు లేకపోవడమే దాని మంచితనం.

ఇక మా తోటికోడలు పైకి చెప్పని ఏతరాజ్ ఇంకొకటి ఉంది. ఇజ్జత్. మెహమాన్లు వస్తే మట్టి పళ్ళెంలో పెడితే ఏమనుకుంటారు? ఇక్కడే మన అసలు బీమారీ ఉంది. సోనా, చాందీ గిన్నెల్లో తినడం మన దీన్‌లో మనా. సూరా రహ్మాన్‌లో మనిషి పుట్టుక చెప్పేచోట కుమ్మరి మట్టి పోలిక వస్తుంది. ఇవన్నీ బయాన్లలో విని తలూపుతాం. ఇంటికొచ్చి జహేజ్ లిస్టులో డిన్నర్ సెట్ ఎన్ని పీసులో లెక్కబెడతాం. ఆడపిల్ల తండ్రి అప్పు చేసి కొన్న ఆ సెట్ అద్దాల అల్మారీలో నుమాయిష్‌కి ఉంటుంది. ఎవరూ దాంట్లో తినరు. రోజూ అన్నం పెట్టే గిన్నెకి ఇజ్జత్ లేదు, ఎన్నడూ అన్నం పెట్టని గిన్నెకి ఉంది. ఇది ఉల్టా హిసాబ్ కాదా?

గుజరాత్‌లో కచ్ వైపు ఖావ్డా అనే చోట మన ముసల్మాన్ కుమ్మరి ఖాందాన్లు ఉన్నాయి. మగవాళ్ళు సారె మీద చేస్తారు, ఆడవాళ్ళు ఎరుపు, తెలుపు, నలుపు మట్టిరంగులతో నక్షా వేస్తారు. యూపీలో కాస్‌గర్ అనే బిరాదరీ ఉంది. కాసా అంటే గిన్నె, కాసా చేసేవాళ్ళు కాస్‌గర్లు. మట్టి పని మనది కాదు, పరాయివాళ్ళదని ఎవరైనా అంటే ఈ మాట గుర్తు చేయండి. మన తెలుగులో రామాయణం రాసిన మొల్ల కుమ్మరింటి ఆడబిడ్డ అని బడిలో చదువుకున్నాం. ఆ ఇంటి గిన్నె మాత్రం మనకి చిన్నతనం.

జపాన్‌లో బిజెన్ అనే ఊరి పేరు మీద ఒక మట్టి సామాను ఉంది. ఏ పూతా ఉండదు. కట్టెల కొలిమిలో రోజుల తరబడి కాలుస్తారు. బూడిద, మంట ఎక్కడ తగిలితే అక్కడ దాని రంగు. వాళ్ళ కొలిమి వేడి మన ఆముకంటే చాలా ఎక్కువ, గిన్నె ఇంకా గట్టిది. దాన్ని ఛాయ్‌కీ, అన్నానికీ వాడతారు, గర్వంగా కొంటారు. మనకి దగ్గర్లో పాండిచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఇద్దరు అమెరికావాళ్ళు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టి భోజనాల బల్ల మీదికి చేతి గిన్నెలు చేశారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇవాళ ఎక్కడెక్కడో కొలిములు పెట్టుకున్నారు. చేతి గిన్నెకి ఖదర్ ఇచ్చే మనుషులు లోకంలో ఉన్నారు. మన పెద్దయ్య పని ఆ పని కాదు, ఆ వేడీ కాదు. కానీ కొనేవాడి చూపు ఒకటే కావాలి.

సర్కారు చేయలేదా అంటే, చేసింది. 2004లో లాలూ ప్రసాద్ యాదవ్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు స్టేషన్లలో కుల్హడ్‌లు అన్నారు. 2020లో మళ్ళీ అన్నారు. నేనెక్కే రైళ్ళలో ఛాయ్ ఇంకా కాగితం కప్పులోనే వస్తోంది. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు దేశమంతా బంద్. అయినా ఇఫ్తార్ దావత్ అయిపోయాక మన మస్జిద్ వెనక సందులోకి ఒకసారి తొంగి చూడండి. హుకుం పైనుంచి వస్తే సరిపోదు. ఇంట్లో ఆదత్ మారాలి.

అందుకని నేనే ముందు ప్రయోగం చేశాను. కూండే అయిన మూడో రోజే మళ్ళీ పోయి, పన్నెండు రికాబీలు కావాలని పెద్దయ్యని అడిగాను. "పళ్ళెం మాకు అలవాటు లేదు బిడ్డా, కుండంటే కుండ, మూకుడంటే మూకుడు" అన్నాడు. అయినా చేశాడు. ఆముకి పెట్టిన పన్నెండింట్లో అయిదు పగిలాయి. చదునైన అడుగు అంచుతో సమంగా ఆరదట. అంచు ముందు ఆరి బిగుస్తుంది, నడిమి పచ్చిగా ఉండి లాగుతుంది, చీలుతుంది. ఆయన సిగ్గుపడి డబ్బులు వద్దన్నాడు. నేను పన్నెండింటికీ ఇచ్చాను. అది ఎహసాన్ కాదు. ఆ అయిదూ నా మాట మీద చేసినవి కదా. నుక్సాన్‌లో నా హిస్సా నేను పెట్టుకోవాలి. మజ్దూరీ ఎగ్గొట్టొద్దని చెప్పిన దీన్ మనది.

రెండోసారి ఆయనే దారి కనిపెట్టాడు. అడుగు కాస్త గుండ్రంగా, అంచు మందంగా, మూకుడుకీ పళ్ళానికీ మధ్యలో ఒకటి చేశాడు. పన్నెండింట్లో పదకొండు నిలిచాయి. మా వాళ్ళు వాటిలో బగారా అన్నం, దాల్చా తిన్నారు. మా చిన్నోడు "అమ్మీ, దీంట్లో చారు పారిపోవట్లేదు" అన్నాడు. చేత్తో కలుపుకుని తినే మనకి చదును ప్లేటుకంటే అదే బాగుంది. మా తోటికోడలు మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకుంది. నా ఒక్క ఇంటి కోసం డెబ్బై ఏళ్ళ పెద్దయ్య కొత్త గిన్నె నేర్చుకున్నాడు. పది ఇళ్ళుంటే? పాల్వంచలో ఆటో నడిపే వాళ్ళబ్బాయి ఈసారి ఆము దగ్గర ఒక రాత్రి కూర్చున్నాడు. సారె ఎక్కుతాడని నేను చెప్పలేను. ఆటోకంటే ఎక్కువ వస్తే ఎక్కుతాడు. ఎక్కకపోతే తప్పు అతనిది కాదు.

కనుక నా గుజారిష్ చిన్నది. ప్రతి ఇంటికీ ఒక నీళ్ళ ఘడా, పెరుగు తోడుకి ఒక దుత్త, సాలన్‌కి ఒక చట్టి, తినేవాళ్ళకి తలా ఒక గిన్నె. అంతే. అల్మారీలో దాచొద్దు, రోజూ వాడండి. బేరమాడొద్దు. పేష్గీ ఇవ్వండి. మట్టి తోలించుకోవడానికి, పత్తి కట్టె మోయించుకోవడానికి ఆ డబ్బే కావాలి. జకాత్ లెక్కలో ఇవ్వొద్దు. జకాత్ అడిగే ఇల్లు కాదది, కష్టానికి ఖీమత్ అడిగే ఇల్లు. మీ ఊరి దగ్గర ఇలాంటి సారె ఇంకొకటి తిరుగుతుంటే నా మాట వదిలేసి అక్కడికే పోండి. మస్జిద్ కమిటీ భాయిలకి ఇంకో మాట. ఇఫ్తార్ షర్బత్‌కి మట్టి గ్లాసులు తెప్పించండి. కడిగి పెట్టుకుంటే రమ్‌జాన్ నెలంతా వస్తాయి.

పెద్దమ్మ షాబాన్ రెండో వారంలో ఆము పెడతానంది. పత్తి కట్టె రెండు బండ్లు చూసిపెట్టాను. రమ్‌జాన్‌కి గిన్నెలు కావాలనుకునేవాళ్ళు ఆ లోపు చెప్పండి, అందరం కలిసే పోదాం. వచ్చేటప్పుడు గట్టి సంచి ఒకటి తెచ్చుకోండి. వరిగడ్డి అక్కడ దొరుకుతుంది. ఆమె మిమ్మల్ని కూడా అదే సవాల్ అడుగుతుంది. జవాబు ఆలోచించుకుని రండి.

ఖుదా హాఫిజ్.